పెద్ద స్టీమ్ ఇంజిన్లను మళ్లీ నడపడం అయ్యే పనేనా?

నౌపడ కుర్రోడు:
అమెరికాలో 'బిగ్ బాయ్' 4014 అనే స్టీమ్ ఇంజిన్ని చూశారా? 1941లో తయారైంది. యాభై ఏళ్లకు పైగా మ్యూజియంలో నిలబడిపోయి, 2019లో మళ్లీ పట్టాలెక్కింది. టెండరుతో (వెనక ఇంధనం, నీళ్లు మోసే బండితో) కలిపి 500 టన్నుల పైమాటే! అంతటిదాన్నే నడిపితే, మన నౌపడ–గుణుపురం లైన్లో పాత పర్లాకిమిడి బండి ఇంజిను నడపలేమా? వారానికో ట్రిప్పు వేసినా టూరిస్టులు వస్తారు.

బొబ్బిలి బాబు:
తమ్ముడూ, పర్లాకిమిడి రాజావారు 1900లో తెరిపించిన ఆ లైను గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 762 మిల్లీమీటర్లు. 2004లో దాన్ని మూసేసి బ్రాడ్‌గేజ్ వేశారు, అంటే 1676. ఇంజిను పట్టాల మీద నిలబడదు, ఇంక నడిచేదేటి?

నౌపడ కుర్రోడు:
గేజ్ సంగతి తెలుసు అన్నా. స్టేషన్ పక్కన ఒక కిలోమీటరు చిన్న లైను వేస్తే చాలంటున్నాను.

పాత షెడ్డు, విజయనగరం:
పట్టాలు వేయడం సులువే బాబూ. కష్టమంతా బాయిలర్ దగ్గర. బొమ్మలా నిలబెట్టడానికి రంగు చాలు. నడవాలంటే బాయిలర్ లోపలి ట్యూబులన్నీ లాగాలి, ఫైర్‌బాక్స్ (నిప్పు మండే అర) రేకుల్ని పట్టి ఉంచే స్టే బోల్టులు ఒక్కొక్కటీ కొట్టి చూడాలి, రేకు ఎక్కడ పలచబడిందో కొలవాలి, నీళ్ల ఒత్తిడితో పరీక్ష పెట్టాలి. అదీ ఒకసారితో అయిపోదు. అమెరికా రూలు ప్రకారం 1,472 రోజులు నడిచినా, 15 ఏళ్లు గడిచినా, ఏది ముందైతే అప్పుడు బాయిలర్ మొత్తం విప్పి చూడాల్సిందే. బిగ్ బాయ్‌ని నడిపేది యూనియన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ. లైను వాళ్లదే, వర్క్‌షాపు వాళ్లదే. ఇంగ్లండులో 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' అనే పాత స్టీమ్ ఇంజిన్ని 2004లో 23 లక్షల పౌండ్లకు కొన్నారు. బాగుచేయడానికి 42 లక్షలైంది, పట్టాలెక్కేసరికి 2016 వచ్చింది. కొన్న ధర కంటే రిపేరే ఎక్కువ, చూశావా! ఇంజిను ఎంత పెద్దదైతే క్రేను, ఇంజిన్ని తిప్పి నిలబెట్టే టర్న్‌టేబులు, చక్రాలు చెక్కే లేత్ అన్నీ అంత పెద్దవి కావాలి. మన దేశంలో 1855 నాటి 'ఫెయిరీ క్వీన్' ఇంజిను 1997లో మళ్లీ నడిచిందంటే అది చిన్నది కాబట్టే.

బొబ్బిలి బాబు:
మరి హర్యానాలోని రేవారి షెడ్డులో డబ్ల్యూపీ రకం స్టీమ్ ఇంజిను 'అక్బర్' నడుస్తోంది కదా మాస్టారూ? అదేం చిన్నది కాదే.

పాత షెడ్డు, విజయనగరం:
నిజమే. కానీ ఆ రకం ఇంజిన్లు మన దగ్గర వందల్లో ఉండేవి. పని తెలిసినవాళ్లు మిగిలారు. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ల గారట్ రకం భారీ ఇంజిను 815 ఢిల్లీ మ్యూజియంలో ఉంది, 230 టన్నుల మనిషి! దాన్ని నడుపుతామంటే నేను మాత్రం చందా వేయను. ఇంగ్లండులో అభిమానులు డబ్బు పోగేసి 2008కల్లా 'టొర్నాడో' అనే కొత్త స్టీమ్ ఇంజిన్నే తయారుచేశారు. బాయిలర్ మాత్రం జర్మనీలో చేయించుకోవాల్సి వచ్చింది. వాళ్ల పరిస్థితే అదైతే, నౌపడలో ఎవరు చేస్తారు?

నౌపడ కుర్రోడు:
అయితే మనకి బొమ్మేనా గతి?

పాత షెడ్డు, విజయనగరం:
కొన్ని చోట్ల కంప్రెసర్ గాలి ఎక్కించి నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడుపుతున్నారు. బాయిలర్ ముట్టించే పని లేదు, ఖర్చు తక్కువ. ముందు దానికి పర్మిషన్ అడగండి.

బొబ్బిలి బాబు:
కూత వస్తుందా మాస్టారూ?

పాత షెడ్డు, విజయనగరం:
వస్తుంది. పొగే రాదు.