వరదను చెప్పే ఆంగ్ల పదాలు: ఏది ఎక్కడ నప్పుతుంది?

ప్రశ్న (అమలాపురం నుంచి): పెద్దలకు నమస్కారం. పోటీ పరీక్షల పుస్తకంలో ‘ఫ్లడ్’ అనే మాటకు ఎదురుగా ఫ్రెషెట్, స్పేట్, ఇనండేషన్, టొరెంట్, డెల్యూజ్ అని పర్యాయపదాలు ఇచ్చారు. వ్యాసంలో ఒకదానికి బదులు మరొకటి రాయవచ్చునా?

జవాబు: నమస్కారమండీ. రాయకూడదు. తెలుగులోనే చూడండి: మునగడం, నిమగ్నం కావడం నిఘంటువులో ఒకచోటే ఉంటాయి, అయినా చేను మునిగిందంటాం, పిల్లవాడు చదువులో నిమగ్నమయ్యాడంటాం. ఈ రెండింటినీ తారుమారు చేస్తే వినేవారికి వెంటనే ఎబ్బెట్టుగా తోస్తుంది. ఆంగ్లంలోనూ అంతే. ‘ఫ్లడ్’ ఆ భాషకు పుట్టుకతో వచ్చిన మాట. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి మాటలు, పండితుల ద్వారా లాటిన్ మాటలు వచ్చి చేరడంతో ఒకే భావానికి రెండు మూడు పదాలు ఏర్పడి, కాలక్రమంలో ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి స్థిరపడింది.

మీరు గోదావరి ఒడ్డువారు కనుక ఆ పనులేమిటో ఏటిని చూస్తూనే తెలుసుకోవచ్చు. ఎగువన వానలు పడి ఏట్లోకి ఎర్రనీరు దిగినప్పుడు కనిపించే తొలి పొంగుకు ‘ఫ్రెషెట్’ దగ్గరగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగురవేసే నాటికి నది ‘ఇన్ స్పేట్’ అయినట్టే. స్కాట్లాండు వైపు నుంచి వ్యాపించిన ఈ మాట నది ఉద్ధృతిని మాత్రమే చెబుతుంది. ఊరు మునిగిందో లేదో చెప్పదు. ‘ఎ స్పేట్ ఆఫ్’ అని రాస్తే వరసగా జరిగిన దొంగతనాలో ప్రమాదాలో గుర్తుకు వస్తాయి గనుక, వరసగా జరిగిన పెళ్లిళ్లకు దానిని వాడకపోవడం మంచిది.

‘ఇనండేషన్’ అచ్చంగా మన ముంపు. ఇది నేల వైపు నుంచి చూసే మాట: కాజ్‌వే ఇనండేట్ అవుతుంది, లంక పొలం ఇనండేట్ అవుతుంది, ఏరు మాత్రం కాదు. దీని మూలం అల అనే అర్థమున్న లాటిన్ ‘ఉండ’. అబండెంట్, రిడండెంట్, అండ్యులేట్ అన్నీ ఆ మూలం నుంచి వచ్చినవే కనుక, ఒక్క ధాతువు పట్టుకుంటే నాలుగు కఠిన పదాలు ఒకేసారి గుర్తుంటాయి. ‘సరౌండ్’ కూడా ఈ వంశానిదే. అందులో ‘రౌండ్’ ఉందనుకుంటాం గాని, అది ‘పొంగి పొర్లు’ అనే అర్థంలో పుట్టి, తరువాత ‘చుట్టుముట్టు’ అనే అర్థానికి మారింది. చుట్టూ నీరు నిలిచిన లంక ఊరిని చూసిన వారికి ఈ మార్పు అర్థం కావడం కష్టం కాదు.

‘టొరెంట్’లో వేగం ముఖ్యం. ఏటిగట్టుకు గండి పడినప్పుడు ఉరికే నీటికి అది సరిపోతుంది. చేలో నిలిచిన నీటికి సరిపోదు.

‘డెల్యూజ్’ అనే మాటలో బైబిలులోని జలప్రళయం ఛాయ ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన నాటి వరదకు అది తగును. ఏటా వచ్చే పొంగుకు వాడితే ఆ మాట బరువు పోతుంది.

ప్రశ్న (పాలకొల్లు నుంచి): అయ్యా, అలాంటప్పుడు పుస్తకాలు వీటన్నిటినీ ఒకే వరుసలో ఎందుకు ఇస్తాయి? ‘ది గోదావరి ఈజ్ ఇనండేటెడ్’ అని రాస్తే మా మాస్టారు కొట్టివేశారు.

జవాబు: పీటర్ మార్క్ రోజెట్ 1852లో, అంటే కాటన్ ఆనకట్ట పూర్తయిన సంవత్సరమే, ఆంగ్ల పదాలను భావాల వారీగా కూర్చి ప్రచురించారు. భావం మనసులో ఉండి మాట అందని వారికోసం చేసిన కూర్పు అది. భాష తెలిసిన వారు అందులోంచి తగినదాన్ని ఏరుకుంటారు. పరీక్షల పుస్తకాలు ఆ వరుసలను మాత్రం తీసుకుని, తేడాలను వదిలివేస్తున్నాయి. అందువల్ల నోటుబుక్కులో పదాన్ని ఒంటరిగా రాసుకోకండి; ఏది ఇనండేట్ అవుతుందో, దేనికి ముందు ‘ఇన్’ వస్తుందో ఒక చిన్న వాక్యంలో రాసుకోండి. మీ మాస్టారు చేసినది సబబే. ఆ వాక్యాన్ని ‘ది గోదావరి ఈజ్ ఇన్ స్పేట్ అండ్ ది లంక ఫీల్డ్స్ ఆర్ ఇనండేటెడ్’ అని మార్చి చూపించండి.