సంగీతంలో డిప్లొమా ఉంది, కేవీ పీఆర్‌టీ మ్యూజిక్‌కి చాలుతుందా?

ప్రభుత్వ సంగీత కళాశాలలో కర్ణాటక గాత్రం నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా పాసయ్యాను. డిగ్రీ మాత్రం బీకాం. కేంద్రీయ విద్యాలయాల్లో (కేవీ) సంగీతం చెప్పే ప్రైమరీ టీచర్ పోస్టు, అంటే పీఆర్‌టీ మ్యూజిక్‌కి ప్రిపేర్ అవుదామని 2022 నోటిఫికేషన్ తీసి చూస్తే, ఇంటర్‌లో 50 శాతం మార్కులు, సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ ‘లేదా తత్సమానం’ అని ఉంది. ఇంటర్‌లో నాకు 71 శాతం, దాంతో గొడవ లేదు. చిక్కంతా ఆ తత్సమానం దగ్గరే.

కాలేజీ ఆఫీసులో అడిగితే సమానమేనండీ అన్నారు గానీ, ఆ ముక్క కాగితం మీద రాసివ్వమంటే యూనివర్సిటీని అడగమన్నారు. అక్కడికి మెయిల్ పెడితే జవాబు లేదు. మెమోలో థియరీ, ప్రాక్టికల్ మార్కులు తప్ప డిగ్రీకి సమానమన్న మాట ఎక్కడా లేదు. పాత జీవోల కోసం నెట్‌లో వెతికాను, దొరకలేదు. తప్పదంటే బీఏ మ్యూజిక్‌లో చేరతాను. కానీ రాగం తానం పల్లవి దాకా పాడి, మళ్లీ మొదటి ఏడాది క్లాసులో కూర్చోవాలంటే మనసొప్పట్లేదు.

సంగీతం డిప్లొమా, వేరే సబ్జెక్టులో డిగ్రీతో కేవీ సర్టిఫికెట్ వెరిఫికేషన్ దాటినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, తత్సమానం కింద ఏ కాగితం చూపించారో చెప్తారా?