వ్యాపార బృందాల్లో విందులు, విహారాలు అవసరమా?

ఆటోనగర్ లారీ బాడీ షెడ్డు, విజయవాడ

మా బృందంలో నలభై మందికి పైగా సభ్యులున్నారు. ప్రతి వారం ఉదయం ఏడు గంటలకు బందరు రోడ్డులోని ఒక హోటల్లో కలుస్తాం. ఒక వృత్తికి ఒక్కరికే సభ్యత్వం. ప్రతి సభ్యుడూ నిమిషంలో తన పని గురించి చెప్పాలి, ఎవరు ఎవరికి ఏ బేరం పంపారో నమోదు చేయించాలి. 1985లో అమెరికాలో మొదలైన బీఎన్‌ఐ అనే వ్యాపార పరిచయాల సంస్థ వల్ల వ్యాప్తిలోకి వచ్చిన ఈ పద్ధతినే మేమూ తీసుకున్నాం. ఇప్పుడు మా ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. నెలకొక సమావేశాన్ని మానేసి ఆ స్థానంలో రాత్రి విందు పెట్టుకోవాలని, ఏడాదికి రెండుసార్లు కుటుంబాలతో విహారయాత్రకు వెళ్లాలని దాని సారాంశం. వ్యాపారం కోసం రుసుము కట్టామే గాని విందుల కోసం కాదని సగం మంది అభ్యంతరం చెబుతున్నారు. నేను ప్రతిపాదన పక్షాన ఉన్నాను.

కారణం నా అనుభవమే. చేరిన మొదటి ఏడాదంతా నిమిషం ప్రసంగాల్లో "లారీ బాడీలు కడతాను" అని చెప్పాను, అందరూ విన్నారు, ఒక్క పనీ రాలేదు. రెండో ఏడాది సూర్యలంక బీచికి వెళ్లినప్పుడు, గుంటూరు నుంచి మిర్చి రవాణా చేసే సభ్యుడు, నేను ఇసుకలో కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటాయి కాబట్టి ఇనుము, సిమెంటు మోసే బండికి కట్టిన బాడీ తమకు పనికిరాదని, టార్పాలిన్ పట్టా కట్టే కొక్కేల మధ్య దూరం సరిగా లేక వానకు సరుకు తడిసిపోతోందని ఆయన చెప్పారు. మూడు నెలల్లో మూడు బండ్ల పని నాకు వచ్చింది. ఇంత సంగతి నిమిషం ప్రసంగంలో ఆయన చెప్పగలిగేవారూ కాదు, నేను అడగగలిగేవాడినీ కాదు.

గవర్నర్‌పేట ఆడిటర్

మీకు వచ్చిన పనిని చూసి సంతోషిస్తున్నాను గాని, దాని ఆధారంగా నియమం చేయడాన్ని ఒప్పుకోలేను. విందులతో పెరిగేది స్నేహం ఒక్కటే కాదు, మొహమాటం కూడా పెరుగుతుంది. వ్యాపారికి మొహమాటం ఎంత ఖరీదైనదో బాకీల జాబితాలు రోజూ చూసే నాకు తెలుసు. నా దగ్గర లెక్కలు రాయించుకునే ఒక చిన్న తయారీదారు తన బృందంలోని ఐదుగురికి సరుకు ఇచ్చి, వారిలో ముగ్గురి దగ్గర ఏడు నెలలుగా డబ్బు అడగలేక, బయట వడ్డీకి తెచ్చి పనివాళ్లకు జీతాలిచ్చారు. ఎందుకు అడగలేదంటే, "వాళ్ల అమ్మాయి పెళ్లికి మేమంతా వెళ్లి వచ్చామండీ" అన్నారు.

చట్టం మాత్రం ఆయన పక్షానే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమల వద్ద సరుకు గాని సేవ గాని తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటిన ఆ బాకీని కొన్నవారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలన్న ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా, పక్క కుర్చీలో కూర్చుని భోంచేసిన మనిషికి నోటీసు పంపడానికి మనవాళ్లకు చేయి రాదు.

ఇంకొక మాట. 1973లో మార్క్ గ్రానవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధనలో, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిలో తరచూ కలిసే మనిషి వల్ల పొందినవారు ఆరింట ఒక వంతే. మిగిలినవారికి కబురు అందించింది అప్పుడప్పుడూ, అరుదుగా కలిసేవారు. అవే నలభై ముఖాలు నెలనెలా కలిసి భోంచేస్తే కొత్త కబురు ఎక్కడి నుంచి వస్తుంది?

మిర్చి కమీషన్ వ్యాపారి, గుంటూరు

ఆడిటర్ గారు చెప్పిన పరిశోధన ఉద్యోగాల గురించి. ఉద్యోగం కబురుతో దొరకవచ్చు, అరువు మాత్రం నమ్మకంతోనే దొరుకుతుంది. మా యార్డులో పంట రాకముందే రైతుకు పెట్టుబడి ఇస్తాం, కొన్న వ్యాపారికి గడువు ఇస్తాం. ఎవరికి ఎంత వరకు ఇవ్వవచ్చో ఖాతా పుస్తకం చెప్పదు. ఎవరి కోల్డ్ స్టోరేజీలో సరుకు కదలకుండా ఉంది, ఎవరు ఈ మధ్య ఫోను ఎత్తడం లేదు అన్నది టీ తాగే చోటే తెలుస్తుంది. ఆ కూర్చోవడం మానేస్తే మేము కళ్లు మూసుకుని అరువిచ్చినట్టే.

స్వగృహ పిండివంటల తయారీ, బ్రాడీపేట

ఇంతవరకు రాసిన ముగ్గురూ విందుకు ఎవరు వస్తారన్న ప్రశ్న వేయలేదు. నేను ఒక బృందంలో రెండేళ్లు సభ్యురాలిగా ఉన్నాను. ఉదయం ఏడు గంటల సమావేశానికే పిల్లల బడి బస్సు, వంట, పనివాళ్లకు పిండి కొలిచి ఇవ్వడం అన్నీ ముగించుకుని పరుగున వెళ్లేదాన్ని. రాత్రి విందులు మొదలయ్యాక, అక్కడ మద్యం కూడా చేరాక, నాతో సహా ఉన్న నలుగురు స్త్రీలలో ముగ్గురం వెళ్లడం మానేశాం. ఎవరూ మమ్మల్ని రావద్దనలేదు. కాని ఆ రాత్రి కుదిరిన బేరాలు మరుసటి వారం సమావేశంలో నమోదవుతుంటే, మేము మాత్రం కూర్చుని చప్పట్లు కొట్టాం. మాకూ అదే రుసుము, అదే హాజరు నియమం.

మన ప్రాంతంలో కలిసి తినడం కులాన్ని వదిలి సాగడం కూడా కష్టమే. కార్తీక మాసంలో కృష్ణా తీరాన, తోటల్లో జరిగే వనభోజనాల్లో ఎన్ని ఒకే కులం వారివో అందరికీ తెలుసు. ఒక వృత్తికి ఒక్కరే అనే నియమం మీద కట్టిన బృందంలో నాకు నచ్చింది, నా పక్కన కూర్చున్న మనిషి ఎవరి వాడో కాక ఏ పని చేస్తాడో ముందు తెలియడం. విందుల్లో బల్లల చుట్టూ జనం ఎలా సర్దుకుంటారో గమనించండి. ఆ లాభం కొంత అక్కడే పోతుంది.

అందుకని కలయికలు వద్దనడం లేదు. ఆ కలయిక పని జరిగే చోట ఉండాలంటున్నాను. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో మొదలుపెట్టిన రోటరీకి, 'వంతులుగా తిరిగేది' అనే అర్థంలో, ఆ పేరు రావడానికి కారణం, సభ్యులు వంతుల వారీగా ఒకరి కార్యాలయంలో ఒకరు కలుసుకోవడమే. మరుసటి ఏడాది వారు రాసుకున్న నియమావళిలో సభ్యుల వ్యాపార ప్రయోజనం, స్నేహం రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నా వంటశాలకు వచ్చి, నూనె ఎన్నిసార్లు మారుస్తానో, అరిసెల పాకం ఎలా పడతానో కళ్లారా చూసినవారు మరొకరికి నా గురించి చెప్పే మాటకు, విందులో కలిసినవారు చెప్పే మాటకు చాలా తేడా ఉంటుంది.

గవర్నర్‌పేట ఆడిటర్

ఈ సూచనకు నా అభ్యంతరం లేదు. షరతు ఒక్కటే. సభ్యుల మధ్య జరిగే ప్రతి లావాదేవీకి చెల్లింపు గడువు ముందే కాగితం మీద ఉండాలి. గడువు దాటితే అడగాల్సింది బృందం కోశాధికారి, సరుకు ఇచ్చినవాడు కాదు. అప్పుడు మొహమాటం భారం ఒక్కడి మీద పడదు.

ఆటోనగర్ లారీ బాడీ షెడ్డు, విజయవాడ

బ్రాడీపేట సోదరి రాసింది రెండుసార్లు చదివాను. మా బృందంలోనూ ఇప్పటికే అప్పుడప్పుడూ జరిగే విందులకు ఇద్దరు స్త్రీలు రావడం లేదన్న సంగతి నేను ఇంతవరకు పట్టించుకోలేదు, అది నా పొరపాటు. రాత్రి విందు ప్రతిపాదనకు నా మద్దతు ఉపసంహరించుకుంటున్నాను. కుటుంబాల విహారం మాత్రం ఏడాదికి ఒకటైనా ఉండాలనే ఇప్పటికీ అంటాను. సూర్యలంకలో విన్న మాట నా షెడ్డులో వినిపించేది కాదు, ఎందుకంటే అక్కడ నేను యజమానిని, అమ్మేవాడిని. కోశాధికారి అడగాలన్న నియమం మీద మాత్రం నాకు సందేహం ఉంది. మా కోశాధికారి కూడా సభ్యులకు సరుకు అమ్మే వ్యాపారే కాబట్టి, ఆయన బాకీలను ఎవరు అడగాలో ఆడిటర్ గారు చెప్పాలి.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం పదకొండు గంటలకు, ఇలా పని జరిగే చోట కలిసే మొదటి సమావేశం మా షెడ్డులో పెట్టమని అధ్యక్షుడికి రాస్తున్నాను. ఒక మిర్చి బండికి అప్పటికి పక్క పలకలు బిగిస్తుంటాం. పని ఆపించను.