మే నెలలో జైసల్మేర్: వెళ్లవచ్చా, మానుకోవాలా?

సీతమ్మధార నివాసి:
పిల్లలకు సెలవులు మే నెలలోనే, నాకూ అప్పుడే వీలవుతుంది. జైసల్మేర్‌లో చలికాలం ధరలో సగానికే గదులు దొరుకుతున్నాయి. 68 ఏళ్ల మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. విశాఖ ఉక్కపోతకు అలవాటు పడ్డ ఒళ్లు ఆ ఎండను తట్టుకోదా? ఇంట్లో రెండు రోజులుగా ఇదే వాదన.

పెదవాల్తేరు:
వద్దండీ. రాజస్థాన్‌లో అదే ఎడారి ప్రాంతంలోని ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. అందరూ అక్టోబరు నుంచి మార్చి లోపే వెళ్తున్నారంటే కారణం ఉంది. గది సగం ధరకే వస్తుంది, నిజమే. రోజంతా ఆ గదిలోనే కూర్చోవాలి.

మద్దిలపాలెం:
ఆ అంకె సరైనదే, కానీ అంకె ఒక్కటే చూస్తే ఎండ సంగతి తెలియదు. మేమిద్దరం మే రెండో వారంలో వెళ్లి నాలుగు రోజులున్నాం. ఇక్కడ 35 డిగ్రీలకే చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అక్కడ ఉతికి ఆరేసిన తువ్వాలు మేము కాఫీ తాగి వచ్చేసరికి అప్పడంలా బిగుసుకుపోయింది. ఇక్కడ మనం మూలన పడేసే నీళ్ల కూలర్ అక్కడ గదిని హాయిగా చల్లబరిచింది. అదీ పొడిగాలి చలవే.

మేము దినచర్యనే మార్చుకున్నాం. ఆరు కాకముందే కోటలో ఉండేవాళ్లం. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట అది, ఇప్పటికీ లోపల కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఒకామె గడప కడుగుతుంటే ఆ నీళ్లు నాలుగడుగులు పారకముందే ఆరిపోయాయి. తొలి వెలుగుకు పసుపు రాతి గోడ తేనెరంగుకు తిరుగుతుంటే చూడటానికి మేమిద్దరమే ఉన్నాం. ఇళ్లు ఎత్తుగా, సందులు అంత ఇరుకుగా ఎందుకు కట్టారో మేలో వెళ్తేనే తెలుస్తుంది: తొమ్మిదింటికి కూడా కాళ్ల కింద నీడే. పది నుంచి ఆరున్నర వరకు గదిలో మజ్జిగ తాగుతూ గడిపాం. నాకు ఆ ఊరు అలాగే నచ్చింది.

ఎంవీపీ కాలనీ:
ఆ పొడిగాలే మమ్మల్ని మోసం చేసింది. చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంటే, అసలు పట్టడమే లేదనుకున్నాం. నాన్నగారు నీళ్లు అడగలేదు, మేమూ ఇవ్వలేదు. పదకొండింటికి పట్వాల హవేలీ ముందు కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డారు. ఆయన నల్ల చొక్కా కాలరు మీద ఉప్పు తెల్లటి గీతలా పేరుకుని ఉంది. సెలైన్ ఎక్కించాక గానీ తేరుకోలేదు. 68 ఏళ్ల మనిషి అని చదవగానే నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి.

మద్దిలపాలెం:
ఒప్పుకుంటున్నాను. మాకు నలభై దాటలేదు, మా అనుభవం పెద్దవాళ్లకు వర్తించదు. అత్తగారిని మేలో తీసుకెళ్లకండి. మీరూ పిల్లలూ వెళ్లినా దాహం వేసేదాకా ఆగవద్దు.

సీతమ్మధార నివాసి:
ఆవిడను వదిలి వెళ్లడానికి మనసొప్పదు. సంక్రాంతికి సెలవు అడుగుతాను, ఖర్చు రెట్టింపైనా సరే. కోట లోపల ఒక గది నచ్చింది, తీసుకోవచ్చా?

పెదవాల్తేరు:
బయట తీసుకోండి. లోపల నీటి వాడకం పెరిగి, కారిన నీరు కొండలోకి దిగి కోట గోడలు దెబ్బతిన్నాయి. కింద ఊళ్లో మేడ ఎక్కితే కోట మొత్తం కనిపిస్తుంది.