నేత్రదానం తర్వాత రెప్పలకు జిగురు పెట్టాలా, వద్దా?

రాత్రి డ్యూటీ: కనుగుడ్డు మొత్తం తీసిన కేసుల్లో దూది, ఐ క్యాప్ (రెప్ప కింద పెట్టే ఉబ్బెత్తు ప్లాస్టిక్ డిప్ప) పెట్టాక రెప్పల అంచులకు సైనోఅక్రిలేట్ జిగురు (సూపర్ గ్లూ రకం) తప్పనిసరా? కొన్నిచోట్ల ప్రతి కేసుకీ పెడుతున్నారు.

ఎంబామర్7: తప్పనిసరే. మన దగ్గర శరీరాన్ని రాత్రంతా ఫ్రీజర్ బాక్సులో ఉంచుతారు. చల్లటి పొడి గాలికి రెప్ప చర్మం ఎండి కుంచించుకుపోతుంది. తెల్లారేసరికి అంచులు విడిపోయి దూది కనిపిస్తుంది. ఆపైన స్నానం! ముఖం మీద చెంబుతో నీళ్లు పోస్తే దూది తడిసి ఎర్రనీళ్లు చెంప మీదికి కారతాయి. అది చూసిన బంధువులు ఇంకొకరిని నేత్రదానానికి ఒప్పిస్తారా?

ఐబ్యాంక్ టెక్నీషియన్: రెప్పలు విడిపోయేది జిగురు లేక కాదండీ, దూది కొలత తప్పి. కనుగుడ్డు వ్యాసం సుమారు 24 మి.మీ., పరిమాణం 6.5 మి.లీ. దాదాపు అంతే నింపాలి. ఎక్కువైతే రెప్ప బిగుసుకుని మూతపడదు, తక్కువైతే లోపలికి కుంగిపోతుంది. దూది మీద క్యాప్, ఉబ్బు వైపు పైకి. రెప్ప లోపలివైపు పలచగా వాజలిన్ రాస్తే చర్మం ఎండదు. రెండు అంచులూ ఆనుకోవాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. మూసిన గీత కంటి ఎత్తులో కింది మూడో వంతులో పడాలి. చాలామంది నడిమధ్యకు తెస్తారు, అప్పుడు ముఖం కళ్లు బిగించుకున్నట్టు ఉంటుంది.

ఇంకో మాట. రక్తం ఆగకముందే జిగురుతో మూసేస్తే అది బయటికి రాలేక రెప్పల్లోకి పాకుతుంది. రెప్పలు వాచి నల్లబడతాయి. రక్తం పలచబడే మందులు వాడినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ముందు తల ఎత్తులో పెట్టి, గాజ్‌తో గుంటను నొక్కి పట్టండి. గాజ్ పొడిగా వచ్చేదాకా మూయొద్దు.

ఎంబామర్7: రక్తం మాట ఒప్పుకుంటాను. కానీ వాజలిన్ స్నానం నీళ్లను ఆపదు కదా.

ఐబ్యాంక్ టెక్నీషియన్: ఆపదు. జిగురు పెట్టాల్సి వస్తే అంచున వాజలిన్ లేకుండా పూర్తిగా తుడవండి, జిడ్డు మీద పట్టదు. రెప్ప వెంట్రుకల వెనక, లోపలి అంచున రెండు మూడు చుక్కలు చాలు. గీతలా పూస్తే, లేదా తడి మీద వేస్తే తెల్లగా పొడిబారుతుంది, వెంట్రుకలు అట్టకడతాయి. అది ఊడదీయబోతే చర్మం లేస్తుంది.

రాత్రి డ్యూటీ: కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మాత్రమే తీస్తే?

ఐబ్యాంక్ టెక్నీషియన్: కార్నియాతో పాటు చుట్టూ 2–4 మి.మీ. తెల్లగుడ్డు అంచే పోతుంది, మిగతా గుడ్డు అక్కడే ఉంటుంది. రక్తం తక్కువ, లోపలి ద్రవం కొంచెం కారుతుంది. చిన్న దూది ముక్క, పైన క్యాప్. అక్కడ జిగురు నా లెక్కలో దండగ. స్నానం మాటంటారా, ముఖం మీద నీళ్లు పోయకుండా తడిగుడ్డతో తుడవమని ఇంట్లోవాళ్లకు ముందే చెబితే సరి.