జీడిపప్పు ముద్ద వేసిన గ్రేవీ లో-కార్బ్ అవుతుందా?

బరంపురం కోడలు:
మా అత్తగారికి షుగర్. అన్నం, చపాతీ తగ్గించి పనీర్, గుడ్డు, చికెన్ పెడుతున్నాం. ఉత్త ముక్కలు గొంతు దిగట్లేదంటారు, చిక్కటి గ్రేవీ ఉండాల్సిందే. మైదా, కార్న్‌ఫ్లోర్ మానేసి జీడిపప్పు రుబ్బి వేస్తున్నాను. పలాస దగ్గరే కదా, ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. మా ఆడపడుచేమో "అదీ పిండే వదినా" అంటోంది. నిజమేనా?

గుణుపురం మాస్టారు:
ఆమె చెప్పిందే రైటమ్మా. 100 గ్రాముల జీడిపప్పులో కార్బ్స్, అంటే పిండి, చక్కెర, పీచు అన్నీ కలిపి, సుమారు 30 గ్రాములు ఉంటాయి, అందులో పీచు మూడు గ్రాముల చిల్లర. మిగతాదాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థమే. సెగ తగలగానే ఆ ముద్ద గరిటెకు పట్టుకుని బిగుసుకునేది అందుకే. బాదం అంత బిగుసుకోదు. అందులోనూ కార్బ్స్ 20 దాటతాయి కానీ సగానికి పైగా పీచే.

పర్లాకిమిడి కుర్రాడు:
మాస్టారూ, 100 గ్రాములు ఏ ఇంట్లో వేస్తారండీ? నలుగురి కూరకి 20 గ్రాములు చాలు. అంటే 6 గ్రాముల కార్బ్స్, మనిషికి ఒకటిన్నర. పక్కన కప్పు అన్నం పెట్టుకుంటే 40 దాటిపోతుంది. దాన్ని వదిలేసి జీడిపప్పు మీద పడితే ఎలా?

గుణుపురం మాస్టారు:
20 గ్రాములంటే పన్నెండో పదమూడో పప్పులు బాబూ. అక్కడితో ఆగే చెయ్యి మన వైపు నేను చూళ్లేదు. పెళ్లి భోజనాల గ్రేవీ అలవాటైన నోళ్లు, గుప్పెడు పడాల్సిందే. దానికి తోడు ఉల్లిపాయలు, పైన చిటికెడు పంచదార!

రాయగడ వంటిల్లు:
మీరిద్దరూ జీడిపప్పు దగ్గరే ఆగిపోయారు. కోడలు గారూ, బరంపురంలో ఉంటూ ఛెనా, అదే ఒడిశా మిఠాయిల్లో వేసే పాల విరుగుడు, మరిచిపోతే ఎలాగండీ? పాలు విరిగినప్పుడు వాటిలోని చక్కెర చాలావరకు నీళ్లతో పోతుంది, కాబట్టి కార్బ్స్ తక్కువే. 100 గ్రాముల తాజా ఛెనా, చెంచా వెన్న, అర కప్పు గోరువెచ్చటి నీళ్లు మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పండి. రెండు వేళ్ల మధ్య రాస్తే పలుకు తగలకూడదు. నెయ్యిలో జీలకర్ర, వెల్లుల్లి వేయించి, టమాటా వేసేటట్లయితే ముందే బాగా మగ్గించి, సెగ పూర్తిగా తగ్గించాక ఛెనా కలపండి. కుతకుత ఉడకనిచ్చారో, రవ్వరవ్వగా విడిపోతుంది. స్వీటు షాపులో కొంటే పంచదార కలపనిదే అడగండి.

పర్లాకిమిడి కుర్రాడు:
ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ ఉండగా ఇంత శ్రమెందుకక్కా? దాంట్లోనూ కార్బ్స్ తక్కువేగా.

రాయగడ వంటిల్లు:
రెండు చెంచాలు వేయండి, ఎవరొద్దన్నారు? కప్పు పోస్తే మాత్రం ఆవిడ కొలెస్ట్రాల్ రిపోర్టు మీద ఇంకో చర్చ పెట్టుకోవాలి. ఛెనాలో ప్రోటీనూ వస్తుంది, తిన్నట్టు ఉంటుంది.

గుణుపురం మాస్టారు:
ఛెనాకి నా ఓటు. ఒక్క మాట, ఆవిడ షుగర్ మాత్రలు వేసుకుంటుంటే అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ మరీ పడిపోవచ్చు, డాక్టర్ని అడిగి చేయండి.

పర్లాకిమిడి కుర్రాడు:
సరే, కానీ నా 20 గ్రాముల లెక్కకి ఎవరూ జవాబు చెప్పలేదు.

బరంపురం కోడలు:
డాక్టర్ని అడుగుతాం మాస్టారూ. అక్కా, ఛెనా గ్రేవీ మిగిలితే మర్నాడు వేడి చేసుకోవచ్చా?

రాయగడ వంటిల్లు:
చేసుకోవచ్చు, నేరుగా పొయ్యి మీద వద్దు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి, చెంచా పాలు పోసి కలపండి. ఫ్రిజ్‌లో ఉన్నా రెండో రోజు దాటనివ్వకండి, పులిసిపోతుంది.