ఓపెత్ సంగీతంలోని మార్పును పాత అభిమానులకు ఏ ఆల్బమ్‌తో పరిచయం చేయాలి?

విజయవాడలో మా మిత్రబృందం ఆదివారం సాయంత్రాలు ఒకచోట చేరి మెటల్ సంగీతం వింటుంది. స్వీడన్‌కు చెందిన మెటల్ బృందం ఓపెత్ ప్రస్తావన రాగానే మేము రెండు వర్గాలుగా చీలిపోతున్నాము. 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’ ఆల్బమ్‌ను ఆరాధించేవారు, 2011లో వచ్చిన ‘హెరిటేజ్’లో గ్రౌల్ (గుర్రుమన్నట్లు గరగరగా పాడే గొంతు) పూర్తిగా మాయమై, మెలోట్రాన్, హామండ్ ఆర్గాన్ అనే పాతకాలపు కీబోర్డు వాద్యాల ధ్వనితో 1970ల ప్రోగ్రెసివ్ రాక్ (సంక్లిష్ట నిర్మాణంతో సాగే రాక్ సంగీతం) ఛాయలు ముందుకు రావడాన్ని నమ్మకద్రోహంగానే చూస్తున్నారు. దానిని సాహసమని మెచ్చినవారు, అతుకుల బొంత అని పెదవి విరిచినవారు విమర్శకులలోనూ ఉన్నారు.

అభ్యంతరం గొంతు గురించేనేమోనని 2003 నాటి ‘డామ్నేషన్’ వినిపించాను. అందులోనూ గ్రౌల్ లేదు. అయినా అందరూ ఇష్టంగానే విన్నారు. తరువాత ఈక్వలైజర్ ఆపి, శబ్దస్థాయి సమానం చేసి, పేర్లు చెప్పకుండా ‘హెరిటేజ్’ పాటలు పెడితే, రెండు నిమిషాలు తిరగకముందే గుర్తుపట్టి ఆపేయమన్నారు. గ్రౌల్ తిరిగి వచ్చిన 2024 ఆల్బమ్ వినిపించడం మరీ బెడిసికొట్టింది: బృందం తప్పు దిద్దుకుందని సంబరపడ్డారే తప్ప, అందులోని సంగీతం ‘హెరిటేజ్’ మొదలుకొని మధ్యలో వచ్చిన గ్రౌల్ లేని ఆల్బమ్‌ల మీదుగానే వచ్చిందని గమనించలేదు. (ఇది నా అభిప్రాయమే.)

కీబోర్డు వాద్యకారుడు పెర్ వీబెర్గ్ పూర్తిస్థాయి సభ్యుడిగా ఉన్న 2005 నాటి ‘గోస్ట్ రెవరీస్’, ‘హెరిటేజ్’కు ముందు వచ్చిన 2008 నాటి ‘వాటర్‌షెడ్’ ఇంకా వినిపించలేదు. మాకు దొరికేది ముప్పావు గంట మాత్రమే. ‘హెరిటేజ్’కు చెవిని సిద్ధం చేయడానికి ఈ రెండింటిలో ముందుగా దేనిని వినిపించాలి?